వాలు ముంగిట్లో వాననీటి దారి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సమస్యకు సంబంధించినవి. ఇంటి ముందున్న చిన్న తోట వాలుగా ఉండటం, వాననీరు పోవడానికి సరైన దారి లేకపోవడం వాటి సారాంశం. మొదటి ఉత్తరంలో కొలతలు, ఇబ్బందులు వివరంగా ఉన్నందువల్ల దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంటి ముందు 6 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గల తోట ఉంది. ఇంటి అరుగు దగ్గర ఎత్తుగా ఉన్న నేల, వీధి వైపు ప్రహరీ గోడ దగ్గరికి వచ్చేసరికి దాదాపు 75 సెంటీమీటర్లు దిగిపోతుంది. పై భాగంలో గడ్డి నిలవడం లేదు, నేల గట్టిపడి ఎండిపోతోంది. వాన పడితే పై మట్టి కొట్టుకువచ్చి గోడ పక్కన మడుగు కడుతోంది, అది మూడు రోజుల దాకా ఇంకదు. సుమారు 40 చదరపు మీటర్ల కప్పు మీది నీటిని దింపే పైపు కూడా తోట పై మూలలోనే నేల మీదికి వదిలి ఉంది. ఇంటి మురుగు పైపు తోట మధ్యగా వీధికి వెళుతుంది, దాని ఛాంబర్ మూత తోట కింది భాగంలో ఉంది. వాననీటిని మురుగు పైపులో కలపకూడదని నిబంధన. వీధి వెంట ఉన్న వాననీటి కాలువలోకి ఒక్క చిన్న పైపు పెట్టుకోవడానికి మాత్రం అనుమతి ఉంది. గోడ పక్కన మట్టి నింపి చదును చేసి, మొత్తం బండలు పరిపించమని మేస్త్రీ అంటున్నారు. మొక్కలు ఉండాలని మా కోరిక. ఏం చేస్తే మంచిది?

జవాబు: మేస్త్రీ గారి సలహా ఒప్పుకోకండి. ప్రహరీ గోడ నిటారుగా తనంతట తాను నిలబడటానికి కట్టినది, ఒక పక్క నుంచి మట్టి నెడుతుంటే ఆపడానికి కట్టినది కాదు. దాని పక్కన 70 సెంటీమీటర్ల మట్టి నింపితే, వానకు తడిసి బరువెక్కిన ఆ మట్టి గోడను వీధి వైపు నెడుతూనే ఉంటుంది. మొదట బీట కనిపిస్తుంది, తరువాత ఒరుగుతుంది, ఏదో ఒక గట్టి వానకు దారిన పోయేవారి మీద పడే ప్రమాదం కూడా ఉంది. ఇక బండలు పరిస్తే, ఇప్పుడు కొంతైనా ఇంకుతున్న నీరు మొత్తం ఒక్కసారిగా కిందికి పరుగెత్తుతుంది.

మీ తోటకు ముందు నీటి లెక్క వేయాలి, మొక్కల లెక్క ఆ తరువాత. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా 1 లీటరు నీరవుతుంది. 20 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే, 40 చదరపు మీటర్ల కప్పు నుంచి 800 లీటర్లు, 30 చదరపు మీటర్ల తోట మీద 600 లీటర్లు, వెరసి 1,400 లీటర్లు. అంటే మీ గోడ పక్కన నిలిచే నీటిలో సగానికి పైగా తోటది కాదు, కప్పుది. కాబట్టి తోటలో ఒక్క మొక్క నాటకముందే ఆ పైపు సంగతి తేల్చాలి. పైపు కింద 500 లీటర్ల తొట్టి పెట్టి, అది నిండాక పొర్లే నీటిని 100 మిల్లీమీటర్ల మూసిన పైపులో తోట పక్క హద్దు వెంట కిందికి దించండి. వాలు మీద నేలపై వదిలిన నీరు కోత పెడుతుంది. నీటి వేగం రెట్టింపయితే దానిలోని చలనశక్తి నాలుగు రెట్లవుతుంది, మీ పై మట్టి గోడ దాకా కొట్టుకుపోవడానికి కారణం ఇదే. ఆ పైపు కింద తెరుచుకునే చోట కూడా పిడికిలి కంటే పెద్ద రాళ్ళు పరిచి, నీరు వాటి మీద విరిగి నెమ్మదించేలా చేయాలి. తొట్టిలోని నీటిని రెండు వానల మధ్య పై మొక్కలకు వాడి ఖాళీ చేస్తూ ఉండండి. నిండి ఉన్న తొట్టి తరువాతి వానకు ఏమీ సాయపడదు.

ఇంకో మాట. పని మొదలు పెట్టే ముందు ఒక్క మంచి వానను గొడుగు పట్టుకుని తోటలో నిలబడి చూడండి. నీరు ఎక్కడ చేరి పాయగా మారుతోంది, పక్క ఇంటి నుంచి ఏమైనా వస్తోందా, అరుగు మొదట్లో నిలుస్తోందా అన్నవి గమనించి అక్కడక్కడ కర్ర మేకులు పాతండి. కాగితం మీద గీసిన ఏ ప్లానూ చెప్పని విషయాలు ఆ అరగంటలో తెలుస్తాయి. వాలును కంటితో అంచనా కట్టకండి. నీళ్ళు నింపిన పారదర్శక గొట్టంతో గానీ, దారం కట్టి రసమట్టంతో గానీ మీటరుకు ఒక చోట కొలిచి రాసుకోండి. 5 మీటర్లకు 75 సెంటీమీటర్లు అంటే నూటికి 15 పాళ్ళ వాలు. ఇది ప్రమాదకరమైనది కాదు, అలాగని నీటిని నిలిపేదీ కాదు.

ఈ వాలును రెండు పొట్టి కట్టలతో మూడు అంచెలుగా విడగొట్టమని నా సలహా. ఒక్కొక్కటి 30 సెంటీమీటర్లు మించనక్కరలేదు. రెండు కట్టలు కలిపి 60 సెంటీమీటర్లు దిగితే, మిగిలిన 15 సెంటీమీటర్లు మూడు అంచెల మీద నూటికి 3 పాళ్ళ నెమ్మదైన వాలుగా సర్దుకుంటాయి. ఒకే ఎత్తైన గోడ ఎందుకు వద్దంటున్నానంటే, గోడ వెనక నిలిచిన నీరు నెట్టే మొత్తం బలం ఎత్తుతో పాటు మామూలుగా పెరగదు. ఎత్తు రెట్టింపయితే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. 30 సెంటీమీటర్ల కట్టను మీరే రాళ్ళు పేర్చి కట్టుకోవచ్చు, మీటరుకు దగ్గరయ్యే గోడకు మాత్రం ఇంజనీరు లెక్క కావాలి. పై కట్ట బరువు కింది కట్ట మీద పడకుండా రెండింటి మధ్య దూరం కింది కట్ట ఎత్తుకు కనీసం రెండింతలు ఉండాలి. మీకు మీటరుకు పైగా దొరుకుతుంది కాబట్టి ఆ చింత లేదు.

కట్టలను సిమెంటు లేకుండా, రాయి మీద రాయి పేర్చి కట్టించండి. రాళ్ళ సందుల్లోంచి నీరు దానంతట అదే కారిపోతుంది కనుక వెనక ఒత్తిడి చేరదు. మొదటి వరుసను నేలలో సగానికి పైగా పూడ్చి, పైకి వచ్చే కొద్దీ వాలు వైపు వెనక్కి వంచాలి. 30 సెంటీమీటర్ల ఎత్తుకు 5 సెంటీమీటర్ల వెనకవాటు చాలు. కట్ట వెనక 20 సెంటీమీటర్ల మందాన కంకర పోసి, కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) పరవండి. గుడ్డ లేకపోతే కొన్నేళ్ళలో సన్నమట్టి కంకర సందుల్లో పూడుకుని, కంకర వేసిన ఫలితమే పోతుంది. సిమెంటు కట్టడమే కావాలనుకుంటే అడుగున మీటరుకొక చిల్లు వదలడం మరువకండి.

రాయి పేర్చిన కట్ట కావాలనడానికి మీ విషయంలో మరో బలమైన కారణం ఉంది. మురుగు పైపు మీదుగా ఏ కట్టడానికీ పునాది వేయకూడదు. రేపు పైపు పగిలితే కట్టను ఆ మేరకు విప్పి, బాగు చేసి, మళ్ళీ పేర్చుకోగలగాలి. తవ్వే ముందు పైపు దారిని నేల మీద సున్నంతో గీయించండి. మురుగు పైపులను సాధారణంగా ఒక ఛాంబర్ నుంచి మరో ఛాంబర్‌కు తిన్నగా వేస్తారు కాబట్టి, రెండు మూతలు తెరిచి చూసి వాటి మధ్య దారం కడితే దారి తెలుస్తుంది, లోపలి పైపు అడుగు దాకా కర్ర దించి కొలిస్తే లోతూ తెలుస్తుంది. ఆ గీతకు రెండు పక్కలా అర మీటరు మేర లోతైన తవ్వకం, నీరు ఇంకించే పని పెట్టుకోకండి. ఛాంబర్ మూతను మట్టితోనో బండతోనో కప్పేయాలనిపిస్తుంది గానీ అలా చేయవద్దు. అందం కోసమైతే కదిలించగల కుండీ ఒకటి పక్కన పెట్టండి. మూత నీరు నిలిచే పల్లంలో ఉంటే వాననీరు సందుల్లోంచి మురుగు పైపులోకి దిగుతుంది. నిబంధన మాట అటుంచితే, ఆ పైపు వాననీటిని మోయడానికి వేసినది కాదు, నిండితే మురుగు ఇంట్లోకే ఎగదన్నుతుంది. కాబట్టి ఛాంబర్ కంఠాన్ని ఇటుకలతో పెంచి, మూత చుట్టూ నిలిచే నీటి మట్టం కంటే 10 సెంటీమీటర్లయినా ఎత్తులో ఉండేలా చేయించండి.

ఇప్పుడు కింది అంచె. ఇక్కడే నీటిని కాసేపు ఆపి నేలలోకి దించాలి. ఇంటి పునాదికి 3 మీటర్ల లోపు నీరు ఇంకించకూడదు. మీ తోటలో ఇంటి నుంచి 3.2 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 1.2 మీటర్ల వెడల్పున పళ్ళెం లాంటి పాదు తీస్తే, ప్రహరీ గోడ పునాదికి ఇంకా 60 సెంటీమీటర్ల ఎడం మిగులుతుంది. మురుగు పైపుకు రెండు పక్కలా చెరొక పాదు, ఒక్కొక్కటి 2.5 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల లోతు అనుకుందాం. రెండింటిలో కలిపి 900 లీటర్లు పడుతుంది. తొట్టిలోని 500 లీటర్లు కలిపితే మన 20 మిల్లీమీటర్ల వాన సరిగ్గా సరిపోయింది. పై అంచెల్లో ఇంకేది అదనపు లాభం. పాదుల అడుగు రసమట్టంతో సమంగా ఉండాలి, లేకపోతే ఒక మూలలోనే నీరు చేరుతుంది. రెండు పాదులను ఛాంబర్ పక్కగా రాళ్ళు పరిచిన లోతు తక్కువ కాలువతో కలపండి. అంతకు మించిన వానకు మీకు అనుమతి ఉన్న ఆ ఒక్క పైపే దిక్కు. దాని నోరు పాదు అడుగు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి, ఆకులు పోకుండా జాలీ బిగించి, వీధి కాలువ వైపు మీటరుకు కనీసం 1 సెంటీమీటరు వాలు ఇవ్వండి. కాలువ నిండినప్పుడు నీరు వెనక్కి రాకుండా నాన్‌రిటర్న్ వాల్వ్ కూడా అవసరం.

అయితే ఇదంతా నేల నీటిని తాగగలిగితేనే. మూడు రోజులు నిలుస్తోందంటే మట్టి బంకదై ఉండవచ్చు, లేదా ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, బండి చక్రాల తొక్కుడుకు గట్టిపడిన పొర అడుగున ఉండవచ్చు. పాదు వచ్చే చోట 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు గల గుంట తీసి, నీరు నింపి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, స్కేలు నిలబెట్టి గంటకు ఎంత దిగుతోందో కొలవండి. మొదటిసారి నింపిన నీరు పొడి మట్టిలోకి వేగంగా పోతుంది, ఆ లెక్క నమ్మదగినది కాదు. రెండోసారి గంటకు 12 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ దిగితే పాదు నిండినా సగం రోజులో ఖాళీ అవుతుంది. గట్టిపొర మాత్రమే అడ్డమైతే గడ్డపారతో అది పగిలేదాకా తవ్వి మళ్ళీ పరీక్షించండి. అప్పటికీ గంటకు 12 మిల్లీమీటర్ల కంటే తక్కువే దిగుతుంటే పాదు లోతు 8 సెంటీమీటర్లకు తగ్గించి, బయటికి పోయే పైపును అడుగు మట్టంలోనే పెట్టి, దాని నోటిని చిన్న రంధ్రమున్న మూతతో బిగించండి. నీరు నిలవకుండా, ఒక్కసారిగా పోకుండా నిదానంగా వెళుతుంది. ఎలాగైనా రెండు రోజులకు మించి నీరు నిలవనివ్వకండి. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సాధారణంగా వారం పైగా పడుతుంది, రెండు రోజుల్లో ఎండే పాదులో దోమలు పెరగలేవు.

లోతైన ఇంకుడు గుంత తవ్వితే పోలేదా అని మీకు అనిపించవచ్చు. మీ తోటలో అది తగదు. అలాంటి గుంతకు ఇంటి నుంచి 5 మీటర్ల దూరమైనా ఉండాలంటారు, మీ తోట మొత్తమే 5 మీటర్లు. బంకమట్టిలో తవ్విన గుంత ఇంకించే గుంతగా కాక నీళ్ళు నిలిచే బావిగా మారుతుంది. పైగా బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే గుణం కలది, పునాది పక్కన అది మాటిమాటికీ ఉబ్బి తగ్గుతుంటే గోడలు బీటలు వారతాయి.

మట్టిని బాగు చేయడానికి ఇసుక కలపకండి. కొద్దిపాటి ఇసుక బంకతో కలిస్తే ఎండాక ఇంకా గట్టిపడుతుంది. బాగా మాగిన కంపోస్టును 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పరిచి, పై 20 సెంటీమీటర్ల మట్టిలో కలపండి. మట్టి తడిగా ఉన్నప్పుడు తవ్వడం, తొక్కడం రెండూ చెరుపే. పిడికిట్లో పట్టి వదిలితే ముద్దగా ఉండిపోకుండా పొడిపొడిగా రాలినప్పుడే పని చేయండి. ఇంటి గోడ పక్కన మాత్రం మట్టి మట్టం, గోడలోకి తేమ ఎక్కకుండా వేసిన పొర కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి.

మొక్కల ఎంపిక ఇక తేలిక, ఎందుకంటే మూడు అంచెల్లో మూడు రకాల తేమ ఉంటుంది. పై అంచె త్వరగా ఆరుతుంది కనుక అక్కడ బిళ్ళగన్నేరు, కలబంద, పోర్చులాకా వంటివి బాగుంటాయి. తడి నిలిస్తే వీటి వేర్లు కుళ్ళుతాయి, కాబట్టి వీటిని కిందికి దించకండి. మధ్య అంచెలో నందివర్ధనం, మల్లె, కట్ట అంచున నిమ్మగడ్డి పెట్టుకోవచ్చు. నిమ్మగడ్డి దుబ్బులు మట్టిని అంచు దాటనివ్వవు. కింది పాదుల విషయంలో చాలామంది పొరపడతారు. నీరు చేరుతుంది కదా అని కలువలాంటి నీటి మొక్కలు పెడతారు, రెండు వానల మధ్య పాదు ఎండగానే అవి చనిపోతాయి. ఒక రోజు మునిగినా, రెండు వారాలు ఎండినా తట్టుకోగలిగే మెట్టతామర, స్పైడర్ లిల్లీ వంటివే అక్కడ సరైనవి. మర్రి జాతి చెట్లు, వెదురు మీ ముంగిట వద్దు. వాటి వేర్లు పైపు అతుకుల్లోని తేమ కోసం వెతుక్కుంటూ వెళ్ళి లోపల దూరతాయి. మురుగు పైపు మీద నేల ఖాళీగా కనిపించకుండా పాకుడు మొక్కలు చాలు.

పని పై నుంచి కిందికి కాక కింది నుంచి పైకి చేసుకుంటూ రండి. బయటికి పోయే పైపు, పాదులు సిద్ధమయ్యాక కట్టలు, ఆ తరువాత మట్టి, చివర మొక్కలు. మధ్యలో వాన వచ్చినా నీటికి దారి ఉంటుంది.

ప్రశ్న: మా వీధి రోడ్డు ఏటా ఎత్తు పెరిగి, ముంగిలి రోడ్డు కంటే పల్లంలో పడింది. 3 మీటర్ల ముంగిలి వాలంతా ఇంటి వైపే. వాన పడితే గుమ్మం దాకా నీళ్ళు వస్తాయి. మొక్కలు వేసి నీటిని పీల్చుకునేలా చేయవచ్చా?

జవాబు: మొక్కలు ఈ పని చేయలేవు, వాటి మీద ఆ భారం పెట్టవద్దు. మీ ముంగిట్లో అన్నిటికంటే పల్లపు గీత ఇప్పుడు గుమ్మం దగ్గర ఉంది. దాన్ని ముంగిలి నడిమికి జరపాలి. ఇంటి నుంచి 1.5 మీటర్ల దాకా నేలను వీధి వైపు వాలేలా మలచండి. మట్టి అయితే మీటరుకు 5 సెంటీమీటర్లు, బండలు అయితే మీటరుకు 2 సెంటీమీటర్లు చాలు. అవతలి నుంచి వచ్చే వాలు, ఇవతలి నుంచి వచ్చే వాలు కలిసే ఆ నడిమి గీతలో జాలీ మూత గల కాలువ వేయండి. ఇంటి దగ్గర ఎత్తు పెంచడానికి గోడకు మట్టి ఎగదోయకండి. పై జవాబులో చెప్పిన 15 సెంటీమీటర్ల ఎడం ఇక్కడ మరింత ముఖ్యం. ఎత్తు పెంచే వీలు లేకపోతే నడిమి గీతనే లోతు చేయాలి.

గేటు దగ్గర 10 సెంటీమీటర్ల ఎత్తు గల నున్నని దిమ్మె అడ్డంగా పోయించి వీధి నీటిని అక్కడే ఆపండి. అది నిజంగా మీ నీరు కాదు. చివరిగా కఠినమైన ప్రశ్న ఒకటి: ఆ జాలీ కాలువ నుంచి నీరు బయటికి పోయే చోటు, వీధి కాలువ అడుగు కంటే ఎత్తులో ఉందా? గొట్టంతో కొలిచి చూడండి. లేకపోతే ఏ కాలువ వేసినా నీరు పోదు, చిన్న సంపు కట్టి, నీటి మట్టం పెరగగానే దానంతట అదే నడిచేలా ఫ్లోట్ స్విచ్ ఉన్న పంపు పెట్టక తప్పదు. కరెంటు పోయే వేళల్లోనే గట్టి వానలు పడతాయి కాబట్టి, పంపుకు బ్యాటరీ ఆధారం కూడా ఆలోచించుకోండి.

ప్రశ్న: గేటు పక్కన నిలువుకు ఒకటి, అడ్డానికి రెండు పాళ్ళున్న చిన్న గట్టు ఉంది. గడ్డి పరిచిన ప్రతిసారీ మొదటి వానకే జారిపోతోంది. ప్లాస్టిక్ షీటు పరిచి మొక్కలకు చిల్లులు చేయమని ఒకరు చెప్పారు.

జవాబు: ప్లాస్టిక్ వద్దు. నీరు షీటు మీద జారి మరింత వేగంగా కిందికి వెళుతుంది, షీటు అడుగున మట్టి గాలి ఆడక చచ్చుబడుతుంది. అంత వాలులో కోసుకునే పచ్చిక కూడా వద్దు. అడ్డానికి మూడు పాళ్ళకంటే నిటారుగా ఉన్న గట్టు మీద గడ్డి కోసే యంత్రం నడపడం ప్రమాదం. కొబ్బరి పీచు వల గానీ జనపనార వల గానీ పరిచి, వంచిన ఇనుప కమ్మీలతో మీటరుకు రెండు చోట్ల నేలకు బిగించండి. వల పై అంచును గట్టు నెత్తిన చిన్న కందకం తీసి అందులో పూడ్చాలి, లేకపోతే నీరు వల కిందికి దూరి మట్టిని మోసుకుపోతుంది. వల కన్నుల్లో పాకుడు మొక్కలను ఒక వరుసలోని మొక్క కింది వరుసలోని రెండు మొక్కల మధ్యకు వచ్చేలా నాటండి. నీటికి తిన్నని దారి దొరకదు. జనపనార వల ఒకటి రెండేళ్ళలో, కొబ్బరి పీచు వల ఇంకాస్త నిదానంగా మట్టిలో కలిసిపోతాయి, అప్పటికి వేర్లు ఆ పని అందుకుంటాయి.

గట్టు నడుమన వాలుకు అడ్డంగా ఒక వరుస వట్టివేరు పెట్టగలిగితే ఇంకా మేలు. నేల కోతను ఆపడానికి 1980లలో ప్రపంచ బ్యాంకు ప్రచారం చేసిన గడ్డి ఇది. దాని వేర్లు పక్కలకు పాకకుండా 2 నుంచి 3 మీటర్ల లోతుకు నిటారుగా దిగుతాయి. పిలకలను 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంలో దగ్గరగా నాటాలి, ఎడమైతే నీరు వాటి మధ్య గాడి చేసుకుంటుంది. మనిషి ఎత్తుకు దగ్గరగా పెరుగుతుంది కనుక ఏడాదికి రెండు మూడు సార్లు మోకాలి ఎత్తుకు కోసి, కోసిన గడ్డినే గట్టు మీద పరచండి. గేటు పక్కన నేలలో ఏ పైపు ఉన్నా ఆ వరుసను దాని మీదుగా వేయకండి.